దారినపోయేవాణ్ణి ఆపిన బొమ్మలు

1938 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని హరిపురా గ్రామంలో, సుభాష్ చంద్రబోసు అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ జరిగింది. ఆ ప్రాంగణానికి బొమ్మలు వేయమని గాంధీజీ, శాంతినికేతన్ కళాభవన్ ఆచార్యుడు నందలాల్ బోసును కోరారు. నందలాల్ స్వయంగా వేసినవి 80కి పైగా. వాటిని చూసి శిష్యులు ప్రతులు తీశారు. అన్నీ కలిసి 400 దాకా అయ్యాయి. అవే ‘హరిపురా పోస్టర్లు’.

వాటిమీద నినాదాలు లేవు. డోలు వాయించేవాడు, చెప్పులు కుట్టేవాడు, దర్జీ, వడ్లు దంచే ఆడవాళ్లు, మల్లయోధులు కనిపిస్తారు. సుమారు రెండడుగుల కాగితం, మట్టిరంగులు, బెంగాలు పటచిత్రాల్లోలాగా బలమైన గీత. చదువురాని రైతు సైతం నడుస్తూనే “ఇది మావాడే” అనుకోవాలి. అది చాలు. ప్రతి తీసే విద్యార్థికీ అదే పాఠం: ఏ గీత ఉండాలో, ఏది అక్కరలేదో చెయ్యే నేర్చుకుంటుంది.

హోసూరులో ఆదివారాలు పిల్లలకు తెలుగూ, బొమ్మలూ నేర్పే నాకు ఈ పాఠం రోజూ పనికొస్తోంది. మన ఇళ్లలో తెలుగు మాట్లాడేవారు చాలామందే ఉన్నా, చదవగలిగేవారు తగ్గిపోతున్నారు. ఆగస్టు 29న గిడుగువారి జయంతికి పోస్టరు వేయమంటే, పిల్లలు కాగితం నిండా నినాదాలు రాస్తారు. అవి ఎవరికోసం? చదవగలిగినవాడికి ఆ నినాదంతో పనిలేదు. చదవలేనివాడు దాని ముందు ఆగడు.

అందుకని ముందు బొమ్మ, ఒక్కటే బొమ్మ అంటాను. దానికింద ఒకే మాట. మన లిపిలో గుడులు పైకి పోతాయి, వత్తులు కిందికి దిగుతాయి. పంక్తుల మధ్య చోటు వదలకపోతే రెండూ ఢీకొంటాయి. అక్షరం ఇరుకుగా రాస్తే దూరానికి ‘ప’ ఏదో, ‘వ’ ఏదో తెలియదు. వేసిన పోస్టరును గోడకు తగిలించి, పది అడుగులు వెనక్కి నడిచి చూడమంటాను. అక్కడినుంచి తెలియనిదల్లా తీసేయాల్సిందే.

వ్యావహారిక భాషకోసం పోరాడిన గిడుగువారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి ఈనాడు ఒడిశాలో ఉంది. అక్కడైనా, మన ఊళ్లలోనైనా చేయవలసిన పని ఒకటే. బొమ్మ మనవాణ్ణి ఆపాలి. ఆగినవాడు ఆ ఒక్క మాటనూ కూడబలుక్కుని చదవాలి. రెండో మాట మనం నేర్పవచ్చు.