‘సిల్వెస్ట్రిస్’ : అడవి యను మాట

మా గిద్దలూరి నుండి నంద్యాలకుఁ బోవు రైలుబండి దిగువమెట్ట దాటి నల్లమలలోఁ బ్రవేశించును. ఆ కొండల యంచున బడిపంతులుగా నుండిన నాకు, చెట్ల పేళ్లలోని యొక లాటిను విశేషణము మంచి పాఠము నేర్పినది. దానినే నేఁడు మనవి చేయుదును.

లాటినున ‘సిల్వ’ యనఁగా అడవి. దానినుండి పుట్టిన విశేషణము ‘సిల్వెస్ట్రిస్’. పుంలింగమునందును స్త్రీలింగమునందును దీని రూప మొక్కటే. నపుంసకమునందు మాత్రము ‘సిల్వెస్ట్రె’ యగును. సంస్కృతము చదివినవారి కిది క్రొత్త గాదు. శుచిః పురుషః, శుచిః స్త్రీ, శుచి జలమ్ అనుట లేదా? మన తెలుఁగున నీ చిక్కే లేదు. అడవిపంది, అడవిమల్లె, అన్నిటికి నొక్క ‘అడవి’ చాలును.

పొడపత్రిని ‘జిమ్నేమ సిల్వెస్ట్రె’ యందురు. దాని యాకు నమలినచోఁ గొంతసేపు చక్కెర తీపి తెలియదు. ‘జిమ్నేమ’ అకారముతో ముగియుటచే స్త్రీలింగమని తోఁచును. కాని ‘నేమ’ యనఁగా గ్రీకున దారము, అది నపుంసకము. మన ‘నామ’, ‘కర్మ’ శబ్దములును అట్టివే. ఆ గ్రీకు ప్రత్యయమును, మన ‘మన్’ ప్రత్యయమును జ్ఞాతులని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు.

ఇఁక ఈతచెట్టు. 1753లో లిన్నేయసు దీనిని ‘ఎలాటె సిల్వెస్ట్రిస్’ అనెను. మన సామర్లకోటలో మొక్కలను బరిశీలించి, 1793లో కలకత్తా తోట కధిపతియైన రాక్స్‌బరో దీనిని ఖర్జూరపు జాతియగు ‘ఫీనిక్స్’లోఁ జేర్చెను. ఇంటిపేరు మాఱినను విశేషణము మాఱలేదు.

ఒకనాఁడు తరగతిలో దీనికి ‘అడవియందుఁ బుట్టునది’ యని యర్థము చెప్పితిని. వెనుక బల్లపైనుండి కల్లుగీయువాని కొడుకు లేచి, “అయ్యవారూ, ఈతచెట్లు అడివిలో యాడుండాయి? వాగుగట్టున గదా ఉండేది!” అనెను. నాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి నిఘంటువు తిరుగవేసితిని. రోమనుల నాఁటినుండియు ఆ మాటకు ‘నాటక, పెంచక, తనంతఁ బెరుగునది’ యను నర్థమును గలదు. దాని కెదురుమాట ‘సటీవ’, అనఁగా విత్తి పండించునది. వరిని ‘ఒరైజ సటీవ’ యనుట యందుకే. మనుష్యుఁడు తోటలు వేసి పెంచు ఖర్జూరమున కెదురుగా, వాగుగట్టునఁ దనంత మొలచు ఈత ‘సిల్వెస్ట్రిస్’ అయినది. ఊరపంది, అడవిపంది యని మనవారు వేఱుపఱచుటయు నిట్టిదే. అచ్చట ‘అడవి’ చోటును మాత్రమే కాదు, పెంపకము లేమినిఁ గూడఁ దెలుపును.

మఱునాఁడు తరగతిలో నా తప్పు నొప్పుకొని, నల్లబల్లపై సరియైన యర్థమును ఆ బాలునిచేతనే వ్రాయించితిని. చెట్టుపేరున కర్థము చెప్పఁబోవువాఁడు ముందుగాఁ జెట్టును జూచి రావలెనని నాఁడు తెలిసికొంటిని.