కలుపు – కలపడం

నిఘంటువులు తిరగేసే అలవాటున్న మిత్రులకు ఈ ముచ్చట నచ్చుతుందనుకుంటాను.

ఆంగ్లంలో 'మెడిల్' అనే క్రియ ఒకటుంది. పరుల వ్యవహారంలో తల దూర్చడమని నేటి అర్థం. 14వ శతాబ్దంలో మాత్రం ఆ మాటకు 'కలపడం' అనే అర్థమూ ఉండేది. అది ప్రాచీన ఫ్రెంచి ద్వారా వచ్చింది. వేరు లాటిన్ 'మిస్కేరె'లో ఉంది. పలు పాటలను గుదిగుచ్చే 'మెడ్లీ' దానికి తోబుట్టువు. సంస్కృత 'మిశ్రము' కూడా ఆ మూలధాతువు సంతానమే.

ఇది చదివినపుడు మా నల్లగొండ, పాలమూరు మెట్టచేలు గుర్తుకు వచ్చాయి. తెలుగులో 'కలుపు' క్రియ అయితే మిశ్రమం చేయడం, నామవాచకమైతే పైరులోని పిచ్చిమొక్క. పైరులో కలిసిపోతుంది గనుక దానికి ఆ పేరు వచ్చిందని చాలాకాలం నమ్మాను. అది పొరబాటు. తమిళంలో కలపడానికి 'కల', పిచ్చిమొక్కకు 'కళై'. కన్నడంలో 'కలసు', 'కళె'. అక్కడ ల, ళ భేదం నిలిచింది. మన దగ్గర రెండు మాటలూ ఒకే రూపం దాల్చాయి. మెడిల్, మిశ్రము చూపుకు పరాయివి, పుట్టుకకు చుట్టాలు. రెండు కలుపులూ చూపుకు కవలలు, పుట్టుకకు పరాయివి.

నాకీ సంగతి ఊరికే పట్టలేదు. చిన్ననాడు బడిలో మా మాటల్లో ఉర్దూ వినబడితే "ముందు భాషలోని కలుపు ఏరుకో" అనేవారు ఒక పంతులుగారు. తల వంచుకునేవాణ్ణి. ఇవాళ ఆయన ఎదురైతే, ఎంతవరకు ఏరమంటారని వినయంగా అడుగుతాను. కలుపు తీసే 'రైతు' పేరే అరబీ నుండి వచ్చింది. 'ఖరీఫు' అరబీలో శరత్కాలం. 'దస్త్రం' పారశీకం.

అంతెందుకు, నిజాం ఏలుబడిలో ఉర్దూ రాజభాషగా ఉన్న రోజుల్లో, 1922లో, నల్లగొండ నుండి 'నీలగిరి' అనే తెలుగు పత్రికను వెలువరించినవారు షబ్నవీసు వెంకట రామనరసింహారావు గారు. ఆ ఇంటిపేరులోని 'నవీసు'కు పారశీకంలో 'వ్రాసేవాడు' అని అర్థం. తెలుగు కోసం నిలిచిన కలానికి ఆ ఇంటిపేరు అడ్డు రాలేదు.

చేలో ఏది పైరో, ఏది కలుపో తెలియనివాణ్ణి మా పల్లెల్లో కలుపు తీతకు పిలవరు. మాటల విషయంలోనూ ఆ జాగ్రత్త అవసరమనిపిస్తుంది.

మీ ప్రాంతపు పలుకుబడిలో ఇటువంటి దొంగ కవలలు ఉంటే తెలుపగలరు.