సి.కె. నాయుడు గారి చేవ్రాలు

సంతకాలతో మాకు నిత్యం పని. పార్సెలు ఆఫీసులో సరకు ఎవరు విడిపించుకొనిపోయినా చేవ్రాలు సరిచూచుకోనిదే గుమాస్తాకు నిద్రపట్టదు. ఆ అలవాటు ఎరిగే కాబోలు, క్రిందటి ఉగాదికి మా తొరపాడి పెద్దలొకరు ఒక పాత ఆటోగ్రాఫు పుస్తకం తెచ్చి, "ఇది అసలుదేనా బాబూ?" అని మా చేతిలో పెట్టారు. మద్రాసు వర్తకుడొకడు కొంటానన్నాడట. ఆ సొమ్ము మనుమరాలి కాలేజీ ఫీజుకు అక్కరకు వస్తుందని వారి ఆశ.

పుటమీది పేరు సి.కె. నాయుడు. కొఠారి కనకయ్య నాయుడు గారు 1895లో నాగపూరులో పుట్టినా తెలుగు బిడ్డే. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో ఎం.సి.సి. జట్టుపై 153 పరుగులు చేశారు. అందులో సిక్సర్లే 11! 1932 జూన్ 25న లార్డ్స్‌లో భారతదేశపు మొట్టమొదటి టెస్టుకు నాయకుడు వారే. 1934 ఫిబ్రవరిలో జార్డిన్ జట్టుతో చేపాక్‌లో జరిగిన తొలి టెస్టుకూ వారే నాయకులు. ఆట 202 పరుగుల తేడాతో ఓడిపోయామనుకోండి. పెద్దాయన తండ్రిగారు కాట్పాడిలో రైలెక్కి వెళ్లి ఆ ఆట చూచి, ఈ పుస్తకంలో చేవ్రాళ్లు వేయించుకొని వచ్చారట.

మొదట అక్షరక్రమం చూచాము. మా వేలూరు బోర్డులమీద ఇంగ్లీషులో నాయుడును 'ఎన్, ఏ, ఐ, డి, యు' అని వ్రాస్తారు. ఆటల గ్రంథాలలో వీరి పేరు 'ఎన్, ఏ, వై, యు, డి, యు'. పుటలో అలాగే ఉంది. తమ్ముడు సి.ఎస్. నాయుడు గారు కూడా టెస్టు ఆటగాడే కనుక, నడిమి అక్షరాన్ని ఎవరైనా దిద్దారేమోనని అదీ పరికించాము. దిద్దలేదు.

చిక్కు సిరాలో వచ్చింది. ఫౌంటెన్ పెన్ను పాళీ నొక్కినప్పుడు రెండు చీలికలుగా విడి, గీతకు రెండంచులా జాడ విడుస్తుంది. బాల్ పెన్ను అలా కాదు. కాగితంలో ఒకే గాడి దింపుతుంది, మలుపుల దగ్గర సిరా ముద్ద కడుతుంది. భూతద్దంలో మాకు కనిపించింది గాడీ, ముద్దలూ. బాల్ పెన్ను అమెరికా అంగళ్లలోకి వచ్చిందే 1945లో. 1934లో చేపాక్‌కు ఎలా వస్తుంది? పైగా గీత ఎక్కడా సన్నబడదు. రోజూ సంతకం చేసే చేయి పరుగెత్తుతుంది, చివర తేలిపోతుంది. ఇది బడిపిల్లవాడు కాపీ దిద్దినట్లు ఆగి ఆగి నడిచింది.

నకిలీ అని చెప్పడానికి నోరు రాక, పుటను కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టి మళ్లీ చూచాము. సిరా గీత ప్రక్కనుంచి అక్కడక్కడా బూడిదరంగు మెరుపు తొంగిచూచింది. పెన్సిలు!

ఆ మాట చెప్పగానే పెద్దాయన ముఖం వాడింది. "ఎనిమిదో తరగతిలో ఉండగా నేనే దిద్దాను బాబూ. చెరిగిపోతూ ఉంటే నాన్నగారు బాధపడ్డారని."

కాబట్టి అది నకిలీ కాదు, అసలూ కాదు. క్రింద ఉన్న పెన్సిలు వ్రాత నాయుడు గారిదే కావచ్చు. పోల్చడానికి దాని నడక మిగలలేదు. అసలని చెప్పి అమ్మవద్దన్నాము. వారు మారు పలకలేదు.

పుస్తకం మూయబోతూ అదే పుట అడుగున వెలిసిపోయిన మరొక పెన్సిలు గీత గమనించాము. అమర్ సింగ్. ఆ చేపాక్ ఆటలోనే 86 పరుగులిచ్చి 7 వికెట్లు తీసిన బౌలరు; 1940లో, 29 ఏళ్లకే పోయాడు. ఇంత తక్కువ కాలం బ్రతికినవాని సంతకాలు ఎన్ని మిగిలి ఉంటాయి? గీత వడిగా సాగి, చివర దారంలా తేలిపోయింది. దీన్నెవరూ దిద్దలేదు.

"దీన్నెందుకు విడిచిపెట్టారు?" అని అడిగాము.

"మన తెలుగాయన కాదు గదా అని" అన్నారు.

తెలిసిన అసలు సంతకం ప్రక్కన పెట్టి సరిపోల్చేదాకా ధర మాట ఎత్తవద్దనీ, పైదాని సంగతి వర్తకుడికి ఉన్నదున్నట్లు చెప్పమనీ చెప్పి, పుస్తకాన్ని గుడ్డలో చుట్టి ఇచ్చాము.