విద్యార్థుల పిలుపు – సంఘ పెద్దల బాధ్యత



ఈ శతాబ్ది సంచికలో మన దేవాలయములను గురించి, ఆస్పత్రులను గురించి, కాపరులను గురించి అనేకులు వ్రాస్తారు. నేను మన కళాశాల విద్యార్థులను గురించి నాలుగు మాటలు వ్రాయదలచాను. నూరేళ్ళ చరిత్ర చదువుకొని సంతోషించడముతో సరిపోదు. రాబోయే కాలమునకు నాయకులు ఎక్కడనుండి వస్తారన్నది కూడా మనము ఆలోచించవలసిన సంగతే.

శ్రీకాకుళమునకు దాపున, జాతీయ రహదారి ప్రక్కన ఉన్న ఎచ్చెర్ల మనందరికీ తెలిసినదే. 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయ స్నాతకోత్తర కేంద్రముగా మొదలైన చదువుల చెట్టు, 2008లో ఎచ్చెర్లలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయమై నిలిచింది. 2016లో ఈ ప్రాంతమునకే ట్రిపుల్ ఐటీ కూడా వచ్చింది. అక్కడ పదవ తరగతి ముగించిన పిల్లలు ఆరు సంవత్సరముల చదువుకు చేరుతారు. పదిహేను పదహారేళ్ళకే తల్లిదండ్రులను విడిచి వచ్చిన పిల్లలు వారు. చేనేతవారి బిడ్డలు, జాలరుల బిడ్డలు, కూలి చేసుకొనేవారి బిడ్డలు ఎందరో ఈ ప్రాంగణములలో చదువుతున్నారు. దేవుడు తమను ఏ పనికి పిలుస్తున్నాడో వారికెవరు చెప్పాలి?

బాలుడైన సమూయేలు కథ మన ఆదివారపు బడి పిల్లలకు కూడా వచ్చు. పిలుపు విన్నవాడు సమూయేలు. అది ఎవరి పిలుపో గ్రహించి, ఎలా బదులు చెప్పాలో నేర్పినవాడు వృద్ధుడైన ఏలీ. పిలుపు ఏలీకి రాలేదు. అయినా ఏలీ లేకపోతే ఆ బాలునికి అది అర్థము కాకపోను. మన తెలుగు సంఘముల చరిత్రలో కూడా ఇదే జరిగినదని నా మనవి.

1843లో రాబర్టు నోబుల్ దొరగారు మచిలీపట్నంలో బడి తెరిచారు. తొమ్మిది సంవత్సరములకు, అనగా 1852లో, ఆయన శిష్యులు అయినాల భూషణము, మంచాల రత్నము బాప్తిస్మము పొందారు. ఊరంతా అల్లకల్లోలమైంది. తల్లిదండ్రులు తమ పిల్లలను బడి మాన్పించారు. ఏళ్ళ తరబడి కట్టుకున్న పని ఒక్కసారిగా ఖాళీ అయినా, నోబుల్ గారు ఆ ఇద్దరినీ విడువలేదు. ఇల్లు పోగొట్టుకున్నవారికి తన నీడలో చోటిచ్చారు. తరువాత వారిద్దరూ గురువులుగా అభిషేకము పొందారు. ఇద్దరు విద్యార్థుల కొరకు బడినే పణముగా పెట్టిన గురువు ఆయన.

రెండవ కథ మన శ్రీకాకుళమునకు సంబంధించినది. కెనడాలోని నోవా స్కోషియాలో హన్నా మరియా నోరిస్ అను యువ ఉపాధ్యాయురాలు ఉండేది. పరదేశములో సేవ చేయాలని ఆమె కోరగా, మిషను బోర్డువారు డబ్బు లేదన్నారు. ఆమె నిరాశపడలేదు. 1870లో ఊరూరా తిరిగి సంఘ స్త్రీలను కలుసుకుంది. కొద్ది నెలలలోనే ముప్పైకి పైగా స్త్రీల సహాయ సమాజములు ఏర్పడ్డాయి. చిన్న చందాలు వేసుకున్న ఆ తల్లులు ఆమెను బర్మా పంపించారు. అక్కడ ఆర్మ్‌స్ట్రాంగ్ గారితో ఆమెకు వివాహమైంది. 1875లో, సయాము దేశములో తాము ఆశించిన పొలము కానరాక, ఆ కెనడా బృందమువారు తెలుగు దేశమునకు తిరిగారు. శాన్‌ఫర్డ్ గారు భీమునిపట్నమునకు, చర్చిల్ గారు బొబ్బిలికి, ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు శ్రీకాకుళమునకు వచ్చారు. ఆ బృందములో పలువురు అకాడియా కళాశాల విద్యార్థులే. ఆ చందాలు వేసిన స్త్రీలలో ఎందరు శ్రీకాకుళము పేరు విని ఉంటారు? అయినా మన జిల్లాలోని సువార్త పరిచర్యకు వారు కూడా పునాదిరాళ్ళే.

మూడవవారు అజరయ్య గారు. ఆయన 1874లో తిరునల్వేలి ప్రాంతములో జన్మించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు, కాని అనారోగ్యము వలన గణితశాస్త్ర పరీక్ష వ్రాయలేక పట్టా పొందలేదు. లోకము దృష్టిలో అది వైఫల్యమే. అయితే ఇరవై ఒక్క ఏళ్ళ ఆ యువకుని చేతిలో వై.ఎం.సి.ఎ. పెద్ద బాధ్యతనే పెట్టింది. ఆయన దక్షిణ దేశమంతా తిరిగి విద్యార్థులను కలుసుకున్నారు. 1902లో జాఫ్నా వెళ్ళి, అక్కడి క్రైస్తవులు తమ సొంత ధనముతో మిషను పని నడపడము చూచి, మన సంఘములు ఎందుకు చేయరాదని ప్రశ్నించుకున్నారు. మరుసటి ఏడే తిరునల్వేలిలో స్వదేశీయుల మిషనెరీ సంఘము ఏర్పడింది. ఆ సంఘము తన సేవకులను దోర్నకల్ ప్రాంతమునకు పంపింది. ఇతరులను పంపిన మనిషికి తానూ వెళ్ళాలని తోచింది. 1909లో కార్యదర్శి పదవి వదలి, తెలుగు నేర్చుకొని, దోర్నకల్ చేరారు. 1912 డిసెంబరు 29న ఆయన ఆంగ్లికన్ సంఘమునకు మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. భారత విద్యార్థి క్రైస్తవోద్యమము కూడా ఆ 1912లోనే స్థాపించబడినది.

అజరయ్య గారు తాను పొందిన నమ్మకమును తన దగ్గరే ఉంచుకోలేదు. పెద్ద చదువులు లేని గ్రామస్థులను, వారి భార్యలను కూడా దోర్నకల్‌లో తర్ఫీదు చేయించి, పల్లెలకు ఉపాధ్యాయులుగా, సువార్తికులుగా పంపారు. ఈ పనిలో ఆయన సతీమణి అన్బు అమ్మగారి పాత్ర గొప్పది. పట్టా చూచి కాక, మనిషిని చూచి పని అప్పగించారు.

ఈ మూడు కథలలోను పిలుపు విన్నవారు యౌవనులు. ఒకచోట గురువు ఆశ్రయమిచ్చాడు, ఒకచోట స్త్రీలు చందాలు వేశారు, ఒకచోట పెద్దలు బాధ్యత అప్పగించారు. నాయకత్వము ప్రసంగములు వినడము వలన రాదు. నమ్మి పని ఇచ్చినప్పుడే వస్తుంది.

మరి మనము ఏమి చేస్తున్నాము? నిజము ఒప్పుకోవాలి. క్రిస్మసుకు తోరణములు కట్టడానికి, కుర్చీలు మోయడానికి, పాటలు పాడడానికి విద్యార్థులను పిలుస్తాము. లెక్కలు చూచేటప్పుడు, నిర్ణయములు చేసేటప్పుడు వారిని పిలవము. తరువాత, యువకులు సంఘమునకు దూరమవుతున్నారని బాధపడతాము.

పిలుపు అనగా కాపరి కావడము మాత్రమే అని కూడా అనుకోవద్దు. మన జిల్లా అవసరములు చూడండి. ఉద్దానములో ఎన్నో కుటుంబములను మూత్రపిండముల వ్యాధి పీడిస్తున్నది. దానికి కారణము ఇంతవరకు నిశ్చయముగా తేలలేదు. ఎచ్చెర్ల మండలపు డి. మత్స్యలేశము జాలరులు బ్రతుకుతెరువు కొరకు గుజరాతు తీరమునకు వెళ్ళి, 2018 నవంబరులో పాకిస్తానువారికి చిక్కి, 2020 జనవరిలో విడుదలయ్యారు. ఆ వ్యాధి మూలము వెదికే వైద్యుడు, తీరపు జాలరికి ఇంటి దగ్గరే జీవనోపాధి చూపే ఇంజనీరు, పల్లె బడిలో నిలిచిపోయే ఉపాధ్యాయురాలు – వీరిది పిలుపు కాదా?

కనుక నా మనవి ఇది. ఎచ్చెర్ల విద్యార్థులలో ఒక్కొక్కరిని మన సంఘములోని ఒక్కొక్క కుటుంబము తమ బిడ్డగా ఎంచుకోవాలి. ఆదివారము ఆరాధన తరువాత భోజనమునకు పిలవాలి. నీ మార్కులెన్ని అని కాక, నీ మనసు దేనిమీద ఉందని అడగాలి. సంఘ కార్యములో ఒక నిజమైన పని వారి చేతిలో పెట్టాలి. తప్పు చేస్తే దిద్దాలి, పని మాత్రం లాగుకోరాదు. వారు ఎన్నుకొన్న త్రోవ మన ఇష్టమునకు భిన్నమైనప్పటికీ ప్రార్థనతో పంపాలి.

ఏలీ కన్నులు మందగించినవి. అయినా బాలుడు మూడుసార్లు వచ్చి లేపితే విసుగుకొనక సరియైన మాట చెప్పాడు. మన పిల్లలు వచ్చి లేపినప్పుడు మనము కూడా లేచి కూర్చుందాము.