రిమోట్‌లో కంప్యూటర్ కనెక్ట్ కావట్లేదా? ఫైర్‌వాల్ ఆపేసే ముందు ఇవి చెక్ చేసుకోండి!

కొల్లేటికోట: ఏలూరు జిల్లా కైకలూరు మండలంలో, కొల్లేరు మధ్యలో ఉన్న ఊరు కొల్లేటికోట. పెద్దింట్లమ్మ గుడి పేరు చెబితే అందరికీ తెలుస్తుంది. ఇలాంటి ఊళ్లో ఆఫీసు డెస్క్‌టాప్ మొరాయిస్తే, బాగుచేసే మనిషి కైకలూరు నుంచో, ఏలూరు నుంచో రావాలి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద కొల్లేరుకు చేరినప్పుడు లంక గ్రామాలకు రాకపోకలే కష్టమయ్యాయి. అలాంటి రోజుల్లో దూరం నుంచే కంప్యూటర్‌ని నడిపే రిమోట్ డెస్క్‌టాప్ పెద్ద అండ. తీరా అవసరం పడ్డప్పుడు అదే కనెక్ట్ కాకపోతే? కంగారు పడొద్దు. ఒక వరుసలో చూసుకుంటూ వెళ్తే చాలాసార్లు ఫోన్‌లోనే పని అయిపోతుంది.

ముందు మెసేజ్ చదవండి

రిమోట్ కంప్యూటర్‌కు కనెక్ట్ కాలేదని వస్తే మూడు కారణాలు ఉండొచ్చు. అవతలి కంప్యూటర్ ఆఫ్‌లో ఉండటం, నెట్‌వర్క్‌లో లేకపోవడం, రిమోట్ ఆప్షన్ ఆన్ చేయకపోవడం. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పని చేయలేదని వస్తే మాత్రం కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. లైన్ కలిసింది, సమస్య లాగిన్ దగ్గరే ఉందని అర్థం.

1. కంప్యూటర్ నిద్రపోయిందా?

స్లీప్‌లోకి వెళ్లిన కంప్యూటర్ మామూలుగా రిమోట్‌కి పలకదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో పవర్‌లోకి వెళ్లి స్లీప్‌ని 'నెవర్' అని పెట్టాలి. కరెంట్ పోయి వచ్చాక కంప్యూటర్ దానంతట అదే ఆన్ అయ్యే ఆప్షన్ చాలా డెస్క్‌టాప్‌ల బయోస్‌లో ఉంటుంది. కరెంట్ కోతలున్న ఊళ్లలో ఇది తప్పక ఆన్ చేసుకోవాలి.

2. ఏ విండోస్ వాడుతున్నారు?

విండోస్ హోమ్ ఎడిషన్ నుంచి వేరే కంప్యూటర్‌లోకి వెళ్లొచ్చు కానీ, హోమ్ ఎడిషన్ ఉన్న కంప్యూటర్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో రాలేరు. దానికి ప్రో లేదా ఎంటర్‌ప్రైజ్ ఉండాలి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ నొక్కితే ఏ ఎడిషనో తెలిసిపోతుంది. ప్రో అయితే అదే సిస్టమ్ మెనూలో రిమోట్ డెస్క్‌టాప్ స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి.

3. ఐపీ అడ్రస్ మారిందా?

రౌటర్ ఆఫ్ అయి ఆన్ అయ్యాక కంప్యూటర్‌కి కొత్త ఐపీ అడ్రస్ రావొచ్చు. నిన్నటి అడ్రస్‌తో ఈరోజు ప్రయత్నిస్తే లైన్ కలవదు. రౌటర్ సెట్టింగ్స్‌లో ఆ కంప్యూటర్‌కి ఒకే అడ్రస్ రిజర్వ్ చేస్తే ఈ తలనొప్పి ఉండదు. ఇంకో మాట.. పింగ్‌కి జవాబు రానంత మాత్రాన కంప్యూటర్ ఆఫ్‌లో ఉందని అనుకోవద్దు. ఫైర్‌వాల్ పింగ్‌ని ఆపేసి ఉండొచ్చు. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్ట్ పలుకుతుందో లేదో చూడటమే సరైన పరీక్ష.

4. పిన్ కొడుతున్నారా?

చాలామంది పొరపడేది ఇక్కడే. కంప్యూటర్ ముందు కూర్చుని రోజూ కొట్టే పిన్ రిమోట్ లాగిన్‌కి పనికిరాదు. అసలు పాస్‌వర్డే కావాలి. పాస్‌వర్డ్ పెట్టుకోని అకౌంట్‌ని విండోస్ రిమోట్‌లో రానివ్వదు. అడ్మిన్ కాని యూజర్ అయితే, రిమోట్ డెస్క్‌టాప్ యూజర్ల లిస్టులో ఆ పేరు చేర్చాలి.

5. తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయా?

పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డ్ మీద ఉండే చిన్న బిళ్ల బ్యాటరీ అయిపోతే తేదీ వెనక్కి పోతుంది. రెండు కంప్యూటర్ల టైమ్‌లో తేడా ఎక్కువైతే కనెక్షన్ ఆగిపోవచ్చు.

6. మధ్యలో కట్ అవుతోందా?

మామూలు విండోస్ ప్రోలో ఒకసారికి ఒక్కరే పని చేయగలరు. రిమోట్‌లో ఎవరైనా లోపలికి రాగానే అక్కడి స్క్రీన్ లాక్ అవుతుంది. హ్యాంగ్ అయిందేమో అనుకుని అక్కడున్నవారు మళ్లీ లాగిన్ అయితే, దూరం నుంచి చేస్తున్నవారు బయటికి వచ్చేస్తారు. అందుకే కనెక్ట్ అయ్యే ముందు ఒక ఫోన్ చేసి చెప్పడం మంచిది.

వేరే ఊరి నుంచి అయితే..

192.168తో మొదలయ్యే అడ్రస్ ఆ ఆఫీసు లోపలే పని చేస్తుంది. ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో కూర్చుని ఆ నంబర్ కొడితే లాభం లేదు. వీపీఎన్ పెట్టుకోవాలి. మొబైల్ డేటాతో నడిచే నెట్‌లో చాలాసార్లు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు కాబట్టి, రౌటర్‌లో పోర్ట్ తెరిచినా ఫలితం ఉండదు. అలాంటప్పుడు విండోస్‌తో వచ్చే క్విక్ అసిస్ట్ తేలిక. కంట్రోల్, విండోస్, క్యూ బటన్లు కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. సాయం చేసేవారు పంపిన కోడ్‌ని అక్కడున్నవారు కొట్టి, అనుమతి ఇవ్వాలి. అంటే కంప్యూటర్ ముందు ఒక మనిషి ఉండాల్సిందే.

ఈ రెండు పనులు చేయొద్దు!

ఒకటి, పని కావట్లేదని ఫైర్‌వాల్ మొత్తం ఆపేయొద్దు. 3389 పోర్ట్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరవొద్దు. 2019 మేలో బయటపడ్డ 'బ్లూకీప్' లోపం విండోస్ 7 లాంటి పాత సిస్టమ్‌లలో పాస్‌వర్డ్ లేకుండానే రిమోట్ దారిలో చొరబడే వీలు ఇచ్చింది. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ముగిసింది.

రెండు, బ్యాంకు నుంచి అనో, కస్టమర్ కేర్ అనో ఫోన్ చేసి యాప్ వేసుకోమన్నవాళ్లకి కోడ్ చెప్పొద్దు. రిమోట్ యాప్‌లతో డబ్బు కాజేసే మోసాలపై రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయాలి.

చివరిగా.. ఇవన్నీ కంప్యూటర్ పక్కన మనిషి ఉన్నప్పుడే సరిచేసుకోవాలి. వానాకాలం రాకముందే ఒకసారి బయటి నుంచి కనెక్ట్ చేసి చూసుకుంటే, దారి మూసుకుపోయిన రోజున పని ఆగదు.