పంటి పురుగు నుంచి పంటి గార దాకా

"గార తీయిస్తే పళ్ళు వదులైపోతాయి." బాగా చదువుకున్నవాళ్ళు కూడా ఈ మాట అంటూ ఉంటారు. ఈ భయం వల్లే ఎంతోమంది డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా, గట్టి పళ్ళు పోగొట్టుకుంటున్నారు. ఇది ఎంతవరకు నిజమో చూడాలంటే కాస్త చరిత్రలోకి వెళ్ళాలి.

పంటి జబ్బుకి పురుగే కారణమనే నమ్మకం చాలా పాతది. బాబిలోనియా మట్టిపలకల మీద పంటి పురుగుని వెళ్ళగొట్టే మంత్రం ఉంది. క్రీ.శ. మొదటి శతాబ్దపు రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ ఖురాసానీ వాము గింజల పొగ పట్టమన్నాడు. వేడికి ఆ గింజ చిట్లి, లోపలి మొలక తెల్లగా బయటపడుతుంది. జనం దాన్నే పురుగు అనుకున్నారు! మన పల్లెల్లో నేలములక గింజల పొగ పట్టడం కూడా ఈ కోవలోదే.

మన ప్రాచీనులకి అన్నీ తెలుసనేవారు సుశ్రుత సంహితని చూపిస్తారు. అందులో గారకి 'దంతశర్కర' అని పేరుంది. చిగుళ్ళకి దెబ్బ తగలకుండా దాన్ని తీయాలనీ ఉంది. మెచ్చుకోవలసిందే. అయితే 'క్రిమిదంతం' ఉన్నదీ ఆ గ్రంథంలోనే. చేసి చూసినది నిలబడింది, ఊహించినది నిలబడలేదు. క్రీ.శ. 1000 ప్రాంతంలో స్పెయిన్‌లోని కొర్దోబా వైద్యుడు అల్ జహ్రావీ గార గీకే పనిముట్లని బొమ్మలతో సహా వివరించాడు.

1683లో హాలండ్ బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ తన పళ్ళ మధ్య ఉన్న తెల్లటి పాచిని తీసి సూక్ష్మదర్శినితో చూశాడు. ఆయన రోజూ ఉప్పుతో పళ్ళు తోముకునేవాడే. అయినా ఆ పాచిలో కదిలే జీవాలు కనిపించాయి. 1728లో ఫ్రెంచి దంతవైద్యుడు పియర్ ఫోషార్, సూక్ష్మదర్శినితో వెతికినా తనకి పంటి పురుగు కనపడలేదని రాశాడు. చివరికి 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో బృందం 12 మంది ఆరోగ్యవంతుల చేత పళ్ళు తోముకోవడం మాన్పించింది. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోగానే సుమారు వారంలో తగ్గాయి. అంటే కారణం పురుగూ కాదు, వేడి చెయ్యడమూ కాదు, పాచి.

ఈ పాచిలోకి ఉమ్మిలోని కాల్షియం, ఫాస్ఫేట్ చేరి గట్టిపడితే అదే గార. దాని గరుకు మీద కొత్త పాచి పేరుకుంటుంది. చిగురు వాచి, రక్తం కారి, కొందరిలో పంటిని పట్టి ఉంచే ఎముక కూడా అరుగుతుంది. అలా అప్పటికే వదులైన పంటిని గార సిమెంటులా పట్టి ఉంచవచ్చు. అది తీసేసరికి కదలిక, సందులు బయటపడతాయి. నింద మాత్రం డాక్టరు మీద పడుతుంది! కొన్నాళ్ళు చల్లటి నీళ్ళకి జివ్వుమనడం కూడా మామూలే.

పాచి మెత్తగా ఉన్నప్పుడే రోజుకి రెండుసార్లు మెత్తటి బ్రష్‌తో తోమి, పళ్ళ సందులు శుభ్రం చేసుకుంటే గార తక్కువగా పడుతుంది. గట్టిపడ్డాక ఏ పేస్టూ, ఏ పొడీ దాన్ని ఊడదీయలేవు. నిమ్మకాయ, ఇటుక పొడి పంటినే అరగదీస్తాయి. అప్పుడు పనిముట్టుతో గీకించుకోవడం ఒక్కటే దారి.

రోడ్డు పక్కన పంటిలోంచి పురుగు తీసి చూపించేవాడు ఎదురైతే, ముందు అతని చేతులూ, గిన్నే చూపించమనండి.