దేవిడీ గుమ్మం దాటని డిటెక్టివ్

ఊరికి దూరంగా పెద్ద బంగళా, సెలవులకు వచ్చిన పది పన్నెండుమంది చుట్టాలూ స్నేహితులూ, తెల్లవారేసరికి లైబ్రరీలో శవం. ఇంగ్లిష్ డిటెక్టివ్ నవల పేరు చెప్పగానే మనసులో మెదిలే ఈ చట్రానికి మూలం కల్పన కాదు, కేసు. 1860లో విల్ట్‌షైర్‌లోని రోడ్ హిల్ హౌస్ అనే ఇంట్లో మూడేళ్ల పసివాడు హత్యకు గురయ్యాడు. స్కాట్లండ్ యార్డ్ పంపిన ఇన్‌స్పెక్టర్ జొనాథన్ విచర్ ఇంటి పనివాళ్లను వదిలి, కనిపించకుండా పోయిన ఒక రాత్రి గౌను ఆధారంగా యజమాని కూతురు కాన్‌స్టన్స్‌ను అనుమానించాడు. కింది తరగతి నుంచి వచ్చిన పోలీసు పెద్దింటి పిల్లను వేలెత్తి చూపడమా అని పత్రికలు అతని మీద విరుచుకుపడ్డాయి. అయిదేళ్లు గడిచాక, 1865లో, ఆ అమ్మాయే నేరం ఒప్పుకుంది. అప్పటికే విచర్ ఉద్యోగం వదిలేశాడు.

1868లో విల్కీ కాలిన్స్ రాసిన ‘మూన్‌స్టోన్’లోకి ఈ కేసు మరకపడిన గౌనుగా వచ్చి చేరింది. అందులో దొంగతనానికి గురైన వజ్రం 1799 శ్రీరంగపట్నం ముట్టడిలో దోచుకున్నది. ఆ వజ్రం కన్నా ముఖ్యం, సార్జెంట్ కఫ్ అనే పోలీసు దొరసాని ఇంట్లోకి వచ్చి అందరి బట్టలూ తనిఖీ చేయాలనడం. దొర ఇంట్లో దొరను ప్రశ్నించే హక్కు బయటివాడికి ఉందా అన్న ఈ ఇబ్బందిని తర్వాతి రచయితలు తెలివిగా తప్పించుకున్నారు. 1920లో అగాథా క్రిస్టీ తెచ్చిన పొయిరో బెల్జియం నుంచి వచ్చిన శరణార్థి. పరదేశి కదా అని దొరలు అతన్ని తేలిగ్గా తీసుకుని నోరు జారతారు. 1923లో డొరతీ సేయర్స్ ఇంకో అడుగు వేసి డిటెక్టివ్‌నే డ్యూక్ గారి తమ్ముణ్ని చేసింది. లార్డ్ పీటర్ విమ్జీకి ఏ బంగళా తలుపైనా తెరుచుకుంటుంది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత వారసత్వ పన్నులు పెరిగి, పనివాళ్లు దొరక్క అలాంటి ఇళ్లు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజులవి. నవలల్లో మాత్రం అవి కళకళలాడుతూనే ఉన్నాయి.

అంతకు ఏమాత్రం తీసిపోని దొరతనం హైదరాబాద్ రాజ్యంలో ఉండేది. నేడు సంగారెడ్డి జిల్లాలో ఉన్న జహీరాబాద్‌కు ఆ పేరు ‘పైగా’ అనే నవాబుల వంశానికి చెందిన జహీర్ యార్ జంగ్ పేరు మీద వచ్చింది. నిజాం తర్వాత అంతటివాళ్లుగా చెలామణీ అయిన ఈ వంశానికి వేర్వేరు జిల్లాల్లో జాగీర్లుండేవి. ఆ జాగీర్లలో వాళ్ల సొంత కోర్టులు, సొంత పోలీసులు పనిచేసేవి. పల్లెల్లో దేశ్‌ముఖ్ గడి, దాని పక్కన వంశపారంపర్యపు పోలీస్ పటేల్. రహస్యాలకూ, వారసత్వ తగాదాలకూ, ఎత్తయిన గోడలకూ కొదవలేదు. అయినా నవాబుల దేవిడీలను, దేశ్‌ముఖుల గడులను అల్లుకుని అపరాధ పరిశోధన నవల పుట్టలేదు. పుట్టకపోవడానికి కారణం రచయితల అసమర్థత కాదు. విచారణ చేయవలసిన పోలీసు జీతం తీసుకునేది అనుమానితుడి దగ్గరే అయినప్పుడు, కథ రెండో అధ్యాయం దాటదు.

దొరను ప్రశ్నించడం ఎంత కష్టమో చెప్పడానికి తార్కాణం జాకబ్ వజ్రం కేసు. అప్పటి దివాన్ సర్ ఆస్మాన్ జా కూడా ఆ పైగా వంశంవాడే. ఆయన కొడుకు మొయినుద్దౌలా, మనవడు జహీర్ యార్ జంగ్. 1891లో సిమ్లా నగల వ్యాపారి అలెగ్జాండర్ మాల్కం జాకబ్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఒక పెద్ద వజ్రం చూపించాడు. బేరం నడిపినవారిలో నిజాం ఆంతరంగిక సేవకుడు ఆల్బర్ట్ ఆబిద్ ఒకడు. హైదరాబాద్‌లోని ఆబిడ్స్‌కు ఆ పేరు అతని మీదుగానే వచ్చింది. 46 లక్షల రూపాయల ధరకు బేరం సాగి, 23 లక్షలు బయానాగా ముట్టాయి. ఆ తర్వాత వజ్రం వద్దన్నారు, డబ్బు వెనక్కి రాలేదు, వ్యవహారం జాకబ్ మీద నేరారోపణగా కలకత్తా హైకోర్టుకెక్కింది. అక్కడ తేలవలసిన అసలు చిక్కు వజ్రం విలువ గురించి కాదు, సంస్థానాధీశుణ్ని సాక్షిగా ప్రశ్నించవచ్చా అన్నది. చివరికి కమిషన్ హైదరాబాద్‌కే వచ్చి నిజాం వాంగ్మూలం తీసుకుంది. దాన్ని పెద్ద అవమానంగా చెప్పుకున్నారు. జాకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు కానీ వ్యాపారం దెబ్బతింది. చివరికి తన చేతికే వచ్చిన ఆ వజ్రాన్ని నిజాం చెప్పులో పడేశాడంటారు. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు అది దొరికితే కాగితాల మీద బరువుగా వాడుకున్నాడు. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలను 218 కోట్లకు కొన్నప్పుడు ఇదీ వచ్చింది. ‘మూన్‌స్టోన్’కు ఏమీ తీసిపోని సరుకు, సార్జెంట్ కఫ్ ఒక్కడే లేడు.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఒకసారి అచ్చంగా ఇంగ్లిష్ నవల జరిగిపోయింది. మైనర్ జమీందార్లను చదివించే న్యూయింగ్‌టన్ హౌస్ ప్రిన్సిపాల్ క్లెమెంట్ డి లా హే 1919లో నిద్రలోనే తుపాకి గుండుకు బలయ్యాడు. అనుమానం ఆ ఇంట్లోని కుర్ర జమీందార్ల మీదికే వెళ్లింది. ఒకడు అప్రూవర్‌గా మారాడు, కేసు బొంబాయికి బదిలీ అయింది, నిందితుడు విడుదలయ్యాడు. ఆఖరి అధ్యాయంలో అందర్నీ హాల్లో కూర్చోబెట్టి హంతకుణ్ని బయటపెట్టేవాడు అక్కడా లేకపోయాడు.

తెలుగులోకి డిటెక్టివ్ లండన్ నుంచి నేరుగా రాలేదు, కలకత్తా మీదుగా వచ్చాడు. కోనన్ డోయల్‌నూ ఫ్రెంచి రచయితలనూ వంగభాషకు తగ్గట్టు మలిచిన పాంచ్‌కడీ దే నవలలు ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో తెలుగయ్యాయి. ఆయన సృష్టించిన అరిందముడూ దేవేంద్రవిజయుడూ ధోవతి కట్టిన పరిశోధకులు. బెంగాలీ నవలలను తెనిగించడంలో వేంకట పార్వతీశ కవులు పెద్ద పాత్ర వహించారు. దేవరాజు వేంకటకృష్ణారావు ‘వాడే వీడు’ను తొలి తెలుగు డిటెక్టివ్ నవలల్లో ఒకటిగా లెక్కిస్తారు. ఇదంతా బ్రిటిష్ పాలనలోని తెలుగు జిల్లాల ముచ్చట. నిజాం రాజ్యంలో చదువులూ కచేరీలూ ఉర్దూలో నడిచేవి కాబట్టి అక్కడి పాఠకుడి దారి వేరు. 1916లో జఫర్ ఉమర్ రాసిన ‘నీలీ ఛత్రీ’, తర్వాత తీరథ్‌రాం ఫిరోజ్‌పురీ అనువాదాలు ఉర్దూ చదువరులకు ఈ రుచి అలవాటు చేశాయి. 1952లో అలహాబాద్ నుంచి ఇబ్నె సఫీ ‘జాసూసీ దునియా’ మొదలుపెట్టాడు. దాని తొలి నవల ‘దిలేర్ ముజ్రిమ్’కు విక్టర్ గన్ అనే ఆంగ్లేయుడి పుస్తకం ఆధారం. అతని డిటెక్టివ్ ఫరీదీ నవాబుల ఇంట పుట్టిన సంపన్నుడు. సేయర్స్ ఇంగ్లండులో పట్టిన ఉపాయమే ఉర్దూకూ పనికొచ్చింది: దొరను ప్రశ్నించడానికి దొరబిడ్డే కావాలి.

తెలుగులో ఆ పని వేరేలా జరిగింది. 1957లో కొమ్మూరి సాంబశివరావు ‘ఉరితాడు’ వచ్చింది. ఆయన్ని ‘ఆంధ్రా ఎడ్గార్ వాలెస్’ అన్నారు, దాదాపు 75 డిటెక్టివ్ నవలలు రాశారు. హీరో యుగంధర్, అసిస్టెంట్ రాజు, మద్రాసు రోడ్ల మీద దూసుకుపోయే క్రిజ్లర్ కారు. యుగంధర్‌కు బిరుదులూ జాగీర్లూ లేవు. ఆఫీసు, ఫోను, ఫీజు, పోలీసుల దగ్గర పరపతి ఉన్నాయి. ఈ జోడీకి పోలిక వెతికితే క్రిస్టీ బంగళాల కన్నా 1893లో పుట్టి వారపత్రికల్లో బతికిన సెక్స్‌టన్ బ్లేక్, అతని కుర్ర సహాయకుడు టింకర్ దగ్గరవుతారు. మూసిన ఇంట్లో కూర్చుని టీ తాగుతూ అనుమానించడం కన్నా వెంటపడటం, మారువేషం, నకిలీ తాళంచెవి తెలుగు పాఠకుడికి నచ్చాయి. ఆరుద్ర ‘పలకల వెండిగ్లాసు’ లాంటివి రాశాడు. పేరులోనే వంటింటి వస్తువు కనబడుతుంది. టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్ లాంటివాళ్లు ఈ పంటను కుప్పపోశారు. బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల షాపులో ఆఖరి పేజీ ఎవరో చించేసిన నవల తగిలితే అంతకన్నా పెద్ద నేరం ఉండేది కాదు.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1956లో రాష్ట్రాల పునర్విభజనలో జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లా నుంచి మెదక్‌కు మారి ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. దేవిడీ గుమ్మం దాటి లోపలికెళ్లి ప్రశ్న అడిగే అధికారం సామాన్య సబ్ ఇన్‌స్పెక్టర్‌కు దక్కేసరికి దేవిడీలే చేతులు మారిపోతున్నాయి. సరిగ్గా ఆ సంధికాలంలో వచ్చిన యుగంధర్‌కు పని కల్పించినవాళ్లు నవాబులు కాదు. పట్నపు డబ్బున్నవాళ్లు, వాళ్ల వీలునామాలు.

తర్వాత మధుబాబు నవలల హీరో షాడో దేశాల సరిహద్దులకు వెళ్లి గూఢచారి అయ్యాడు, ఇంటి గోడల అవసరమే లేకపోయింది. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ఆధారంగా 1986లో జంధ్యాల తీసిన ‘చంటబ్బాయ్’ డిటెక్టివ్‌ను నవ్వులాటగా మార్చింది. 2019లో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ సినిమాలో డిటెక్టివ్ నెల్లూరులో చిన్న ఆఫీసు తెరుచుకున్నాడు. అతని ముందుకొచ్చిన కేసు బంగళాలోది కాదు, రైలు పట్టాల పక్కన దొరికే అనాథ శవాలది.